హెడ్‌సెట్ పెట్టుకుంటే చెవులెందుకు నొప్పి పెడతాయి?



వేసవిలో నూజివీడు చుట్టుపక్కల మామిడితోటల్లో కాయ కోత ముమ్మరంగా సాగుతుంది. కోసిన కాయలను గంపలకెత్తి నెత్తిన పెట్టుకుని మోసేవాళ్ళను మీరు చూసే ఉంటారు. గంప ఎత్తుకునే ముందు వాళ్ళు ఏం చేస్తారో ఎప్పుడైనా గమనించారా? ఒక పాత గుడ్డను మెలితిప్పి, గుండ్రంగా చుట్టి నడినెత్తిన పెట్టుకుంటారు. దాన్నే చుట్టకుదురు అంటాం. గంప దానిమీద కూర్చుంటుంది. చుట్టకుదురు పెట్టినంత మాత్రాన గంప బరువు ఒక్క గ్రాము కూడా తగ్గదు. ఆ గుడ్డ బరువు కూడా కలిసి ఇంకా కాస్త పెరుగుతుంది! అయినా తలకు సుఖంగా ఉంటుంది. ఎందుకని?

ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే, మీ ఇంట్లో ఉన్న తీగలేని హెడ్‌సెట్ అరగంటకే చెవులను ఎందుకు నొప్పి పెడుతుందో తెలుస్తుంది. దాన్ని మీ చేతులతోనే ఎలా సరిచేసుకోవచ్చో కూడా తెలుస్తుంది. హెడ్‌సెట్ ఇప్పుడు పాటలు వినే సరదా వస్తువు మాత్రమే కాదు. 2020 మార్చిలో కరోనా వల్ల బడులు మూతపడినప్పుడు ఎంతోమంది పిల్లలు ఫోను ముందు కూర్చుని పాఠాలు విన్నారు. నూజివీడులో 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీలో పల్లెటూళ్ళ నుంచి వచ్చిన పిల్లల చదువు తొలినుంచీ ల్యాప్‌టాప్‌తో ముడిపడి ఉంది. ఇలా పలక, పుస్తకం సరసన హెడ్‌సెట్ కూడా చదువు సామగ్రిలో చేరింది. గంటల తరబడి చెవులకు ఆనుకుని ఉండే వస్తువును గురించి కొంచెం శాస్త్రీయంగా ఆలోచించడం అవసరమే కదా!

బరువు వేరు, పీడనం వేరు

చుట్టకుదురు సంగతి ముందు తేల్చుకుందాం. గంప బరువు 20 కిలోలు అనుకోండి. అది తలను సుమారు 200 న్యూటన్ల బలంతో కిందికి నొక్కుతుంది. గంప అడుగు గట్టిది, తల గుండ్రనిది. అందువల్ల రెండూ కొద్దిచోటే ఆనుకుంటాయి. ఆ చోటు 10 చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. అప్పుడు ఒక్కో చదరపు సెంటీమీటరు మీద 20 న్యూటన్ల బలం పడుతుంది. చుట్టకుదురు మెత్తగా అణిగి, తలకూ గంపకూ మధ్య 80 చదరపు సెంటీమీటర్ల మేర ఆనిందనుకోండి. అదే 200 న్యూటన్లు ఇప్పుడు 80 భాగాలకు పంపకమవుతాయి. చదరపు సెంటీమీటరుకు వచ్చేది రెండున్నర న్యూటన్లే. అంటే ఎనిమిదో వంతు!

ఇలా ఒక ప్రమాణ వైశాల్యం మీద పడే బలాన్నే పీడనం అంటామని మీరు తరగతిలో చదువుకున్నారు.

పీడనం = బలం ÷ వైశాల్యం

తలకు నొప్పి కలిగించేది బలం ఒక్కటే కాదు, ఆ బలం ఎంత చోటులో పడుతున్నదన్నదే ముఖ్యం. మామిడికాయలను పెట్టెల్లో సర్దేటప్పుడు అడుగున, మధ్యన ఎండుగడ్డి పరిచేది కూడా ఇందుకే. గడ్డి లేకపోతే కాయకు కాయ ఆనినచోట పీడనం ఎక్కువై, కాయ కమిలిపోతుంది. చెవి కూడా ఒక విధంగా అలా కమిలిపోయేదే.

హెడ్‌సెట్ చేసే రెండు ఒత్తుళ్ళు

ఇప్పుడు హెడ్‌సెట్‌ను చేతిలోకి తీసుకోండి. తలమీదుగా వంగి ఉండే పట్టీ ఒకటి, దాని రెండు చివర్లా రెండు గిన్నెలు, గిన్నెల అంచున మెత్తలు ఉంటాయి. ఇది మనల్ని రెండు చోట్ల నొక్కుతుంది.

మొదటిది పైనుంచి. హెడ్‌సెట్ బరువు 250 గ్రాములు అనుకుందాం. అంటే సుమారు రెండున్నర న్యూటన్లు. ఇది చాలా తక్కువే కదా అనిపిస్తుంది. కాని పట్టీ వంపు, మీ తల వంపు ఒకటి కావు. పట్టీ నడినెత్తిన రెండు చదరపు సెంటీమీటర్ల మేరే తగిలిందనుకోండి. పీడనం చదరపు సెంటీమీటరుకు 1.25 న్యూటన్లు.

రెండోది పక్కల నుంచి. గిన్నెలు జారిపోకుండా పట్టీ వాటిని తలకేసి అదుముతుంది. ఆ బలం ఒక్కో వైపు 4 న్యూటన్లు అనుకుందాం. మెత్త కొత్తదై, 20 చదరపు సెంటీమీటర్ల మేర చక్కగా ఆనితే పీడనం 0.2 న్యూటన్లు మాత్రమే. అదే మెత్త పాతబడి గట్టిపడిందనుకోండి, లేదా మధ్యలో కళ్ళజోడు కాడ అడ్డు వచ్చిందనుకోండి. ఆనే చోటు 6 చదరపు సెంటీమీటర్లకు పడిపోతే పీడనం 0.67 న్యూటన్లకు చేరుతుంది.

ఈ అంకెలు మంచివా, చెడ్డవా? శరీరాన్నే అడుగుదాం. మన చర్మంలో వెంట్రుకకన్న సన్నని రక్తకేశనాళికలు ఉన్నాయి. వాటిలో రక్తపీడనం సుమారు 30 మిల్లీమీటర్ల పాదరస స్తంభానికి సమానం. మన లెక్కలోకి మార్చితే చదరపు సెంటీమీటరుకు సుమారు 0.4 న్యూటన్లు. బయటి నుంచి అంతకుమించి చాలాసేపు నొక్కితే నాళికలు అణిగిపోయి రక్తప్రసరణ తగ్గుతుంది. చర్మం ఎర్రబడటం, తిమ్మిరి, ఆ తరువాత నొప్పి, ఇవన్నీ అక్కడి కణజాలం పెట్టే మొర. పైన చూసిన 0.2 ఈ గీతకు లోపల ఉంది. 0.67, 1.25 గీత దాటి ఉన్నాయి. వెలుపలి చెవి చాలావరకు మృదులాస్థి, దానిమీద పల్చని చర్మం. కొవ్వు పొర లేదు గనుక గీత దాటిన సంగతి చెవికి తొందరగా తెలుస్తుంది.

తలకెక్కిన టెలిఫోను

ఈ బాధ కొత్తదేమీ కాదు. 1880లలో టెలిఫోను ఎక్స్ఛేంజీల్లో పనిచేసే ఉద్యోగులకు రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. అందుకోసం అమెరికాలో ఎజ్రా గిల్లిలాండ్ ఒక సాధనం చేశాడు. మాట్లాడే భాగం, వినే భాగం కలిపి భుజానికి తగిలించుకునే ఏర్పాటు అది. కిలోల లెక్కన బరువుండేది. 1891లో ఫ్రాన్సు దేశపు ఇంజనీరు ఎర్నెస్ట్ మెర్కాడియే చెవుల్లో పెట్టుకునే చిన్న టెలిఫోనుకు అమెరికాలో పేటెంటు పొందాడు. దాని బరువు సుమారు 50 గ్రాములు. చెవికి ఒరుసుకోకుండా రబ్బరు తొడుగులు కూడా పెట్టాడు. 1910లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో నాథనియేల్ బాల్డ్విన్ తన వంటగదిలో కూర్చుని హెడ్‌ఫోన్లు తయారుచేశాడు. వాటిని అమెరికా నౌకాదళం పరీక్షించి కొనుగోలు చేసింది. 1958లో జాన్ కాస్ స్టీరియో హెడ్‌ఫోన్లను తీసుకువచ్చాడు. 1979లో జపానుకు చెందిన సోనీ సంస్థ జేబులో పట్టే టేప్ ప్లేయరు ‘వాక్‌మన్’తో పాటు సుమారు 50 గ్రాముల హెడ్‌ఫోన్లు ఇచ్చింది. అప్పటిదాకా ఉన్నవాటిలో చాలావాటి బరువు 300 గ్రాములకు పైమాటే. చెవికి ఆనే చోట స్పాంజి బిళ్ళలు అమర్చారు.

చూశారా! వందేళ్ళపాటు శాస్త్రజ్ఞులు, ఇంజనీర్లు రెండే పనులు చేస్తూ వచ్చారు. బలం తగ్గించడం, లేదా బలం పడే చోటును మెత్తగా, విశాలంగా చేయడం. భిన్నంలో పైనున్న లవాన్ని తగ్గించినా, కిందనున్న హారాన్ని పెంచినా విలువ తగ్గుతుందని మీ లెక్కల మాస్టారు చెప్పిందే ఇది.

తరువాత తీగ పోయింది. స్వీడన్ దేశపు ఎరిక్‌సన్ సంస్థ 1994లో మొదలుపెట్టిన కృషి ఫలితంగా 1999లో బ్లూటూత్ పద్ధతికి మొదటి ప్రమాణాలు వెలువడ్డాయి. పదో శతాబ్దంలో డెన్మార్కును ఏలిన హెరాల్డ్ బ్లూటూత్ అనే రాజు పేరే దానికి పెట్టారు. తీగ పోవడంతో కాళ్ళకూ చేతులకూ చుట్టుకునే బాధ తప్పింది. కాని అంతకు ముందు బల్లమీద ఉండే పనులు కొన్ని తలమీదికి వచ్చాయి. రేడియో తరంగాలను అందుకునే పరికరం, బ్యాటరీ, మైకు అన్నీ ఆ గిన్నెల్లోనే ఇమడాలి. కాబట్టి తీగలేని హెడ్‌సెట్‌కు చుట్టకుదురు అవసరం మరింత ఎక్కువైంది.

ముందు కొలత, తరువాత మార్పు

వైద్యుడు నాడి చూడకుండా మందివ్వడు. మనం కూడా ముందు కొలుద్దాం. కావలసినవి: బడి ప్రయోగశాలలోని స్ప్రింగు త్రాసు, స్కేలు, గ్రాఫు కాగితం, రంగు సుద్దముక్క, పాత చేతిరుమాలు, దారం. సాయానికి ఒక మిత్రుడు.

ఒకటి: రెండు దళసరి అట్టలను చెవుల దగ్గర తలకు ఇరువైపులా నిలువుగా ఆనించి, వాటి మధ్య దూరం కొలవండి. అది మీ తల వెడల్పు.

రెండు: హెడ్‌సెట్ గిన్నెలకు ఒక్కోదానికి ఒక్కో దారపు ఉచ్చు వేయండి. ఒక ఉచ్చును బల్ల కాలికి కట్టండి. రెండోదాన్ని స్ప్రింగు త్రాసు కొక్కేనికి తగిలించి మెల్లగా లాగండి. రెండు మెత్తల మధ్య దూరం మీ తల వెడల్పుకు సమానం కాగానే ఆపి త్రాసు చూడండి. త్రాసు మీద గ్రాములు ఉంటే 100 గ్రాములను సుమారు ఒక న్యూటన్‌గా లెక్కకట్టండి. పట్టీ ఎంత బలంతో అదుముతున్నదో తెలిసిపోయింది.

మూడు: చేతిరుమాలును ఒక గిన్నె మీద బిగుతుగా పరిచి, మెత్త ఉన్నంత మేర రంగు సుద్ద రుద్దండి. గిన్నెను గ్రాఫు కాగితం మీద బోర్లించి, త్రాసు చూపినంత బరువు దానిమీద ఉంచండి. పట్టీ ఒరగకుండా మిత్రుడు పట్టుకుంటాడు. గిన్నె తీసి, రంగు అంటిన గళ్ళు లెక్కపెట్టండి. వైశాల్యం వచ్చింది. కాగితం బల్లపరుపుగా ఉంటుంది, తల గుండ్రంగా ఉంటుంది గనుక అసలు వైశాల్యం ఇంకా కాస్త తక్కువే ఉంటుందని గుర్తుంచుకోండి.

బలాన్ని వైశాల్యంతో భాగించండి. 0.4 గీతకు లోపల ఉన్నారా, అవతల ఉన్నారా?

నాలుగు: ఇది అన్నిటికన్న ముఖ్యం. ఫ్యాను ఆపి, ప్రశాంతంగా ఉన్న గదిలో కూర్చోండి. ఒకే పాఠాన్ని, ఒకే చోటు నుంచి రెండు నిమిషాలు వినండి. మాట స్పష్టంగా అర్థమయ్యే కనిష్ఠ వాల్యూము ఎన్నో మెట్టు మీద ఉందో నోటుపుస్తకంలో రాసిపెట్టండి. ఈ అంకెతో తరువాత చాలా పని ఉంది.

చేసుకోదగిన మార్పులు

పట్టీకి చుట్టకుదురు: మెత్తని పాత నూలుగుడ్డను 18 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు వచ్చేలా నాలుగు మడతలు వేసి కుట్టండి. పట్టీ అడుగున ఉంచి, అంచులను పైకి తెచ్చి టిచ్‌బటన్లతో బిగించండి. ఎప్పుడంటే అప్పుడు తీసి ఉతుక్కోవచ్చు. నడినెత్తిన బాగా నొప్పి పెట్టేవాళ్ళు మధ్యలో రెండు వేళ్ళంత చోటు పల్చగా వదిలి, రెండు పక్కలా గుడ్డను దళసరిగా కుట్టాలి. చుట్టకుదురు మధ్యన కంత ఉండటం ఊరికే కాదు! ఇప్పుడు 25 చదరపు సెంటీమీటర్లు ఆనిందనుకుంటే పీడనం 1.25 నుంచి 0.1 న్యూటన్లకు దిగుతుంది.

బిగువు సడలించడం: పట్టీ మరీ బిగుతుగా ఉంటే, తల వెడల్పుకన్న ఒక్క సెంటీమీటరు ఎక్కువ ఉండేలా పుస్తకాలు పేర్చి, వాటికి హెడ్‌సెట్ తొడిగి ఒక రాత్రి ఉంచండి. ఉక్కు స్ప్రింగును లాగి వదిలితే మళ్ళీ మొదటికి వస్తుంది. స్థితిస్థాపక అవధి దాటనంతవరకు సాగుదల బలానికి అనులోమానుపాతంలో ఉంటుందని రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించాడు. ప్లాస్టిక్కు తీరు కొంచెం వేరు. తక్కువ బలమైనా చాలాసేపు పనిచేస్తే మెల్లగా సాగి, కొత్త ఆకారానికి అలవాటుపడుతుంది. బట్టలు ఆరేసే ప్లాస్టిక్ దండెం నెలలు గడిచేకొద్దీ కిందికి వేలాడటం చూడలేదూ? ఉదయం లేచి త్రాసుతో మళ్ళీ కొలవండి. చాలకపోతే మరో రాత్రి. తొందరపడి చేత్తో విరిచినట్టు వంచకండి. మంట మీద వేడిచేయడం అసలే కూడదు. ప్లాస్టిక్కు పగులుతుంది.

మెత్తకు తొడుగు: నూజివీడు ఎండల్లో గిన్నెల కింద చెవులు చెమటతో నానిపోతాయి. చెమట ఆవిరైతేనే ఒళ్ళు చల్లబడుతుంది. మూసుకున్న గిన్నెలో గాలి కదలదు. కాసేపటికే అది తేమతో నిండిపోయి, ఇక చెమట ఆవిరి కాదు. పల్చని పాత ధోవతి గుడ్డతో, అంచున సాగే ఎలాస్టిక్ దారం పెట్టి, మెత్తకు టోపీలాంటి తొడుగు కుట్టండి. శబ్దం వచ్చే నడిమి భాగంలో గుడ్డను గుండ్రంగా కత్తిరించి తీసేయండి. నూలు చెమటను పీల్చుకుంటుంది. రోజూ ఉతికి ఎండలో ఆరవేయండి. బడిలో ఒకే హెడ్‌సెట్‌ను నలుగురు వాడవలసివస్తే ఎవరి తొడుగు వారిదే కావాలి. ఒకరి చెవిలోని ఇబ్బంది మరొకరికి అంటుకోకుండా ఉంటుంది.

ఒరిగిపోకుండా చూడటం: కొన్ని హెడ్‌సెట్లకు మైకు ఒక కాడ చివర ముందుకు చాచి ఉంటుంది. గెడ చివరి చిక్కంలో మామిడికాయ పడగానే చేతికి ఎంత బరువు తెలుస్తుందో గుర్తుచేసుకోండి. చేతికి దూరంగా ఉన్న చిన్న బరువు కూడా పెద్ద మెలి పెడుతుంది. 15 గ్రాముల మైకు చెవికి 12 సెంటీమీటర్ల దూరాన ఉంటే, దాని మెలి చెవికి 2 సెంటీమీటర్ల దూరాన వేలాడే 90 గ్రాముల బరువు పెట్టే మెలికి సమానం. దీన్ని ఆపడానికి రెండోవైపు బరువు కట్టనవసరం లేదు. మైకును పెదవులకు మరీ ముందుకు చాచకుండా చెంప పక్కకు మడిచి ఉంచితే సగం పని అవుతుంది. జారని నూలు చుట్టకుదురు మిగతా సగం చేస్తుంది.

తడిమితే తెలిసే గుర్తు: గిన్నె మీద బటన్లన్నీ ఒకేలా ఉంటాయి. తలమీద ఉన్నప్పుడు కంటికి కనపడవు. వాల్యూము తగ్గించే బటను మీద చిన్న బొట్టుబిళ్ళ ఒకటి అంటించండి. చూడకుండానే వేలు దాన్ని వెతుక్కుంటుంది. పెంచే బటనుకు మాత్రం గుర్తు పెట్టకండి. ఎందుకో ముందు ముందు మీకే తెలుస్తుంది.

సందులోంచి కారిపోయే శబ్దం

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. హాయిగా ఉందికదా అని తొడుగును దళసరిగా కుట్టారనుకోండి, లేదా పట్టీని మరీ వదులు చేశారనుకోండి. గిన్నెకూ తలకూ మధ్య సన్నని సందు ఏర్పడుతుంది. దానివల్ల ఏమవుతుంది?

సైకిలు పంపును తీసుకుని, దాని మూతిని వేలితో పూర్తిగా మూయకుండా కొంచెం సందు వదలండి. పిడిని నెమ్మదిగా నొక్కితే గాలి ఆ సందులోంచి జారిపోతుంది, లోపల పీడనం పెరగదు. గబుక్కున నొక్కితే మాత్రం గాలికి తప్పించుకునే వ్యవధి ఉండదు, పీడనం పెరుగుతుంది. హెడ్‌సెట్‌లోని పల్చని పొర కూడా ఒక చిన్న పంపు లాంటిదే. మంద్రస్వరాలు పుట్టేటప్పుడు అది నెమ్మదిగా కంపిస్తుంది. సందు ఉంటే ఆ కంపనాలు కారిపోతాయి. కీచుస్వరాలు మాత్రం చాలావరకు చెవికి చేరతాయి. పాఠం చెప్పేవారి గొంతు పేలవంగా, రేకుడబ్బాలోంచి వచ్చినట్టు వినపడుతుంది. పైగా అదే సందులోంచి ఫ్యాను హోరు, మోటారు రొద లోపలికి వస్తాయి. అప్పుడు మీరేం చేస్తారు? వాల్యూము పెంచుతారు!

అక్కడే ప్రమాదం. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే కర్ణావర్తంలో సుమారు 15 వేల రోమకణాలు ఉంటాయి. శబ్దపు కదలికను నాడీ సంకేతంగా మార్చేవి ఇవే. పెద్ద శబ్దం చాలాకాలం తగిలితే ఇవి దెబ్బతిని చచ్చిపోతాయి. మామిడిచెట్టు కొమ్మ నరికితే మళ్ళీ చిగురిస్తుంది. మనిషి చెవిలో పోయిన రోమకణం మళ్ళీ మొలవదు. పైగా అది పోయేటప్పుడు నొప్పి కూడా తెలియదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం కలిసి 2019లో ఒక ప్రమాణం ప్రకటించాయి. దాని ప్రకారం పెద్దవాళ్ళు వారానికి 40 గంటలపాటు 80 డెసిబెల్‌ల శబ్దం వినవచ్చు. పిల్లలకు అది 75 డెసిబెల్‌లు. డెసిబెల్ లెక్క మామూలు లెక్క కాదు. మూడు డెసిబెల్‌లు పెరిగితే శబ్దశక్తి రెట్టింపవుతుంది. కాబట్టి వినదగిన కాలం సగమవుతుంది. పిల్లల లెక్క ఇదిగో:

75 డెసిబెల్‌లు – వారానికి 40 గంటలు
78 డెసిబెల్‌లు – 20 గంటలు
81 డెసిబెల్‌లు – 10 గంటలు
84 డెసిబెల్‌లు – 5 గంటలు
87 డెసిబెల్‌లు – రెండున్నర గంటలు

చూశారా, 12 డెసిబెల్‌లు పెరిగేసరికి 40 గంటలు రెండున్నర గంటలైపోయాయి!

అందుకే నాలుగో కొలత ముఖ్యమన్నాను. ప్రతి మార్పు తరువాత అదే గదిలో, అదే పాఠం మళ్ళీ వినండి. మాట స్పష్టంగా అర్థం కావడానికి వాల్యూము మునుపటి మెట్టు మీదనే ఉంటే మీ మార్పు నెగ్గినట్టు. ఒక్క మెట్టు పెంచవలసివచ్చినా అది ఓడినట్టే. తొడుగును పల్చన చేయండి, పట్టీని కాస్త బిగించండి, మళ్ళీ పరీక్షించండి. ఒకసారికి ఒకే మార్పు చేయాలి. రెండు మూడు కలిపి చేస్తే దేనివల్ల ఏమైందో తేలదు.

ఇంకో మాట. హెడ్‌సెట్ నొప్పి పెట్టినంతకాలం అరగంటకోసారి మీరే తీసి పక్కన పెట్టేవారు. ఆ నొప్పి తెలియకుండానే మీ చెవులకు విశ్రాంతి ఇచ్చింది. చుట్టకుదురు పెట్టి నొప్పిని పంపేశారు. ఇక గంటలకొద్దీ పెట్టుకున్నా ఏమీ అనిపించదు. అంటే కావలివాణ్ణి మాన్పించారన్నమాట. తోటకు కావలివాడు లేకపోతే రైతే కాపలా కాయాలి. కాబట్టి ఒక పీరియడు పాఠం కాగానే హెడ్‌సెట్ తీసి, పది నిమిషాలు చెవులకు సెలవివ్వండి. చాలా ఫోన్లలో వాల్యూము ఇంతకు మించకుండా పరిమితి పెట్టే ఏర్పాటు ఉంది. పెద్దవాళ్ళ సాయంతో దాన్ని పెట్టుకోండి. విన్న తరువాత చెవుల్లో గుయ్యిమని మోత వినిపిస్తే శబ్దం ఎక్కువైందని గుర్తు. రోడ్డు మీద నడిచేటప్పుడు, సైకిలు తొక్కేటప్పుడు హెడ్‌సెట్ అసలే వద్దు.

ముట్టుకోకూడనివి

మన మార్పులన్నీ ఒంటికి ఆనే భాగాలకే పరిమితం కావాలి. గిన్నె లోపలికి పోకూడదు. కారణాలు ఇవి:

గిన్నె లోపల లిథియం అయాన్ బ్యాటరీ ఉంటుంది. దానికి సూది గుచ్చుకున్నా, నలిగినా లోపలి పొరలు ఒకదానికొకటి తగిలి మంట పుట్టవచ్చు. అందుకే తొడుగు గిన్నెకు తొడిగి ఉండగా కుట్టకండి. బయటకు తీసి కుట్టి, తరువాత తొడగండి. హెడ్‌సెట్ ఉబ్బినట్టు కనపడినా, విపరీతంగా వేడెక్కినా వాడటం మానేసి పెద్దవాళ్ళకు చూపండి. చార్జింగ్ పెట్టి చెవులకు తగిలించుకోకండి. మధ్యాహ్నపు ఎండలో వదిలేయకండి.

గిన్నె మీద సూది మొనంత కన్నాలు కనపడతాయి. కొన్ని మైకువి, కొన్ని గాలి ఆడటానికి పెట్టినవి. గుడ్డతోగాని, జిగురుతోగాని వాటిని మూస్తే మీ మాట అవతలివారికి వినపడదు, లేదా మీరు వినే శబ్దం మారిపోతుంది.

అందంకోసం జరీ అంచు, రేకు, ఇనుప తీగ గిన్నెల మీద చుట్టకండి. బ్లూటూత్ సెకనుకు సుమారు 240 కోట్ల కంపనాలు గల రేడియో తరంగాలతో పనిచేస్తుంది. వాటి తరంగదైర్ఘ్యం సుమారు పన్నెండున్నర సెంటీమీటర్లు. లోహం అడ్డుపడితే ఈ తరంగాలు వెనక్కి మళ్ళుతాయి. నమ్మకం కలగకపోతే ఫోనును ఒక స్టీలు క్యారేజీ గిన్నెలో పెట్టి, మూత బిగించి, హెడ్‌సెట్‌తో దూరంగా నడవండి. మూత లేనప్పుడు ఎంత దూరం పనిచేసింది, మూత పెట్టాక ఎంత దూరానికే తెగిపోయింది? అడుగులు లెక్కపెట్టి రాసుకోండి.

మీరే చేసి చూడండి

1. మీ హెడ్‌సెట్‌కు మార్పు చేయకముందు, చేసిన తరువాత బలం, వైశాల్యం, పీడనం, వాల్యూము మెట్టు, ఎంతసేపటికి నొప్పి మొదలైంది అనే అయిదు విషయాలతో ఒక పట్టిక తయారుచేయండి. తరగతిలో అయిదుగురి పట్టికలు పోల్చండి. అందరికీ ఒకే మార్పు సరిపోయిందా?

2. ఇద్దరు పిల్లల దగ్గర ఒకే రకం హెడ్‌సెట్ ఉంది. ఒకరికి నొప్పి పెడుతుంది, మరొకరికి పెట్టదు. తల వెడల్పు, జుట్టు, కళ్ళజోడు, వీటిలో ఏది ఏ విధంగా పీడనాన్ని మారుస్తుందో రాయండి.

3. ఒక అమ్మాయి వారానికి 10 గంటలు 81 డెసిబెల్‌ల వద్ద పాఠాలు వింటున్నది. ఆమె వాల్యూమును 78 డెసిబెల్‌లకు తగ్గిస్తే, ఆ వారానికి తన వాటాలో ఎంత భాగం మాత్రమే వాడుకున్నట్టు?

4. మీ ఇంట్లో, పొలంలో, బజారులో పీడనం తగ్గించడానికి వైశాల్యం పెంచిన వస్తువులు ఎన్ని ఉన్నాయి? పుస్తకాల సంచీ పట్టీతో మొదలుపెట్టండి. పది దొరికేదాకా ఆపకండి.